నీలం ఆలస్యమైనప్పుడు

డిగ్రీలో బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ రోజున నా స్టాండులో ఆరు పరీక్షనాళికలు వరసగా నిలబడి ఉన్నాయి. ఐదింట్లో నీలం వచ్చింది, లేత ఆకాశం రంగు నుంచి సిరా రంగు దాకా మెట్లు మెట్లుగా. ఆరోది మాత్రం నీళ్లలాగే ఉండిపోయింది. గ్లాసు సామాను కడగాలని అటెండరు తొందరపెడుతున్నాడు. అవతల క్యాంటీన్లో పునుగులు అయిపోయే వేళ. ఆరో నాళికను సింకులో పారబోసి, పక్కవాడి రికార్డులోంచి రీడింగు ఎక్కించుకున్నాను. డెమాన్‌స్ట్రేటరు చూడకుండానే సంతకం పెట్టేశారు.

ఆ ప్రయోగాన్ని మాన్యువల్లో ఫిస్కె–సబ్బరో పద్ధతి అని చదువుకునేవాళ్లం. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పేరు కదా, నోటికొచ్చినట్టు పలికాం. సబ్బరో అంటే ఎవరో ఇటలీవాడనుకున్నాను. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు అనీ, పుట్టింది మన భీమవరంలో అనీ తెలిసేసరికి నా డిగ్రీ అయి ఏళ్లు గడిచాయి. ఇంకో సంగతి అంతకంటే ఆలస్యంగా తెలిసింది. రావలసిన వేళకు నీలం రాని నాళికలు 1920లలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సుబ్బారావుకీ, ఆయన ప్రొఫెసరు సైరస్ ఫిస్కెకీ కూడా ఎదురయ్యాయి. వాళ్లు పారబోయలేదు. కండరం ఎలా పనిచేస్తుందన్న లెక్క అక్కడి నుంచే మారిపోయింది.

ఇలాంటి కథ చెప్పగానే వినేవాళ్లు ‘అదృష్టం కలిసొచ్చింది’ అనేస్తారు. ఆ మాట నిజమో కాదో తేలాలంటే ముందు ఆ నీలం ఎందుకొస్తుందో తెలియాలి.

భాస్వరం మన ఎముకల్లో ఉంది, పళ్లలో ఉంది, రక్తంలో ఉంది, ప్రతి కణంలోనూ ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా, పిల్లల ఎముకలు వంకర్లు పోయినా రక్తంలో భాస్వరం మోతాదు తేడా వస్తుంది. ఆ తేడా పట్టుకోవాలంటే కొలవాలి. పాతకాలపు పద్ధతిలో భాస్వరాన్ని మడ్డిగా దింపి, ఆరబెట్టి, తూకం వేసేవారు. అంత మడ్డి దిగాలంటే నమూనా బాగా కావాలి, రోగి నుంచి అంత రక్తం తీయడం కుదరదు. అందుకని రంగును బట్టి కొలిచే పద్ధతులు వచ్చాయి. 1920 నాటికే అలాంటివి వాడుకలో ఉన్నాయి గానీ వాటి రంగు నిలకడగా ఉండేది కాదు.

ఫిస్కె, సుబ్బారావు 1925లో అచ్చేసిన పద్ధతి చూడడానికి వంటింటి పనిలాగే ఉంటుంది. రక్తంలో ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం వేస్తే నిమ్మరసం పిండిన పాలలా అందులోని ప్రోటీన్లు విరిగిపోతాయి. వడగడితే తేట దిగుతుంది. ఆ తేటలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తారు. తేటలో విడిగా ఉన్న ఫాస్ఫేట్ ఎంతుంటే అంతా మాలిబ్డేట్‌ను పట్టుకుని పెద్ద అణువులు కడుతుంది. తర్వాత ఎమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కొద్దిగా వేస్తారు. ఇది ఎలక్ట్రాన్లను దానం చేసే పదార్థం. దానం అందుకున్న పెద్ద అణువు నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే నీలం చిక్కగా, తక్కువుంటే పలచగా.

చెప్పినంత తేలిక కాదు. ఆమ్లం పాలు తగ్గితే ఫాస్ఫేట్‌తో పనిలేకుండా మాలిబ్డేట్ తనంతట తానే నీలపడుతుంది, అంటే నాళిక అబద్ధం చెబుతుంది. ఆమ్లం ఎక్కువైతే నీలం రావడానికి బద్ధకిస్తుంది. దానం చేసే పదార్థం మరీ చురుకైనదైతే రంగు పొంగుతుంది, మందమైనదైతే గంటలు పడుతుంది. నాళిక సరిగ్గా కడగకపోతే అందులో మిగిలిన సబ్బు మరక కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఏ పాళ్లలో కలిపితే ఐదు నిమిషాల్లో, ప్రతిసారీ, ఒకే నమూనాకు ఒకే నీలం వస్తుందో తేల్చాలి. దానికి మెరుపులాంటి ఆలోచనలేమీ పనికిరావు. ఒక్కొక్కటి కొంచెం కొంచెం మారుస్తూ మళ్లీ మళ్లీ చేయడమే.

రంగును కొలిచింది కూడా యంత్రం కాదు, కన్ను. ఆ రోజుల్లో డ్యుబాస్క్ కలరిమీటరు అనే ఇత్తడి సాధనం ఉండేది. కంటి దగ్గర గొట్టంలోంచి చూస్తే ఒక గుండ్రని బిళ్ల కనబడుతుంది, మధ్యలో సన్నని గీత. ఎడమ సగంలో ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన ద్రవం రంగు, కుడి సగంలో మన నమూనా రంగు. పక్కనున్న మరను తిప్పుతుంటే ద్రవం లోతు మారి, రంగు చిక్కబడుతుంది, పలచబడుతుంది. రెండు సగాలూ కలిసిపోయి మధ్య గీత మాయమయ్యే చోట ఆగాలి. తెలిసిన ద్రవం లోతు 20 మిల్లీమీటర్లు, మనది 16 అయితే, మన దాంట్లో భాస్వరం ఒకటింబావు రెట్లు ఉన్నట్టు. మర ఒక వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే లెక్క తప్పు. కన్ను అలిసిపోయి ఉన్నా తప్పే. రోజూ ఈ రెండు అరచందమామలను కలుపుతూ కూర్చున్న మనిషికి ఐదు నిమిషాల నీలం ఎలా ఉంటుందో కళ్లు మూసుకున్నా కనబడి ఉంటుంది.

ఆ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను, తెలుగులో ఆయన జీవితచరిత్రలకు లోటు లేదు. 1895 జనవరిలో పుట్టాడు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఉన్న రోజుల్లో కొద్ది వ్యవధిలోనే ఒక అన్న, ఒక తమ్ముడు స్ప్రూ వ్యాధితో పోయారు. మనవాళ్లు గ్రహణి అంటారు దాన్ని. తిన్నది వంటబట్టక, రక్తం తరిగిపోయి మనిషి ఎండిపోయే జబ్బు. సుబ్బారావుకీ అదే పట్టుకుంది గానీ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డాడు. మామగారి డబ్బు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలుపుకుని ఓడెక్కి 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనిలో చేరాడు. ఈ చివరి సంగతిని మన వ్యాసకర్తలు కన్నీళ్లతో రాస్తారు. నాకు మాత్రం ఆ కొలువు కంటే ఆ తర్వాత మాలిబ్డేట్ పాళ్లు సరిచేస్తూ కూర్చోవడమే కష్టమనిపిస్తుంది. రోగి పాత్ర కడిగితే శుభ్రమైనట్టు కనబడుతుంది. నాళికలో రేపైనా సరైన నీలం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు.

ఇప్పుడు కండరం దగ్గరికి వద్దాం. పద్ధతి చేతికొచ్చాక ఫిస్కె, సుబ్బారావు దాన్ని పిల్లి కండరం మీద పెట్టారు. కండరంలో విడి ఫాస్ఫేట్ బోలెడు ఉంటుందని అప్పటికి అందరూ ఒప్పుకున్న మాట. వీళ్లూ ఎప్పట్లాగే ప్రోటీన్లు విరగ్గొట్టి, వడగట్టి, మందులు కలిపారు. నీలం వేళకు రాలేదు. మొదట పలచగా కనబడి, తర్వాత మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది.

ఇక్కడ రెండు దారులున్నాయి. కండరంలోని ఏదో మలినం రంగు రాకుండా అడ్డుపడుతోందనుకోవచ్చు. అది నిజమో కాదో తేల్చుకునే ఉపాయం కెమిస్టులకు తెలిసిందే: అదే తేటలో తెలిసిన ఫాస్ఫేట్ కొంచెం కలిపి, దాని నీలం వేళకు వస్తుందో లేదో చూడటం. వేళకు వస్తే అడ్డుపుల్ల ఏమీ లేనట్టు. అప్పుడు మిగిలింది రెండో దారి: ఆ తేటలో ఫాస్ఫేట్ విడిగా లేదు, దేన్నో అంటిపెట్టుకుని ఉంది, ఆమ్లమూ మాలిబ్డేటూ తగిలేసరికి కొంచెం కొంచెంగా ఊడి వస్తోంది, ఊడినకొద్దీ నీలం పెరుగుతోంది.

1927లో వాళ్లు ప్రకటించింది అదే. కండరంలో విడి ఫాస్ఫేట్ అని అందరూ లెక్క రాసుకున్నదాంట్లో చాలా భాగం విడిది కాదు. క్రియాటిన్ అనే పదార్థంతో జతకట్టిన ఫాస్ఫేట్ అది, ఒకటికి ఒకటి చొప్పున. ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు పెట్టారు. మరీ సున్నితమైన జత. కండరాన్ని కోసి తీరిగ్గా నూరుతూ కూర్చుంటే నాళిక దాకా వచ్చేలోపే విడిపోతుంది. అంతకుముందు కొలిచినవాళ్లకు దొరికింది ఆ విడిపోయాక మిగిలిందే. కండరానికి విద్యుత్తు తగిలించి బిగిసేలా చేస్తే ఈ పదార్థం తరిగిపోతుందనీ, విశ్రాంతినిస్తే మళ్లీ కూడుకుంటుందనీ కూడా చూపించారు.

దీంతో పెద్ద ఇల్లే కదిలింది. అప్పటికి కండరం బిగియడానికి కారణం లాక్టిక్ ఆమ్లమని శాస్త్రలోకం నమ్ముతోంది. ఆ రంగంలో పనికి ఏ.వి. హిల్, ఒట్టో మయర్‌హోఫ్ 1922 సంవత్సరపు నోబెల్ అందుకున్నారు. 1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా కండరానికి విషం పట్టించి చూస్తే, అది కాసేపు మామూలుగానే బిగిసింది. ఆ కాసేపూ ఖర్చయింది ఫాస్ఫోక్రియాటినే. హిల్ మొహమాటపడలేదు, 1932లో కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని తానే వ్యాసం రాశాడు. తన నోబెల్ పని మీదికి వచ్చిన విప్లవాన్ని తానే ప్రకటించిన పెద్దమనిషి.

మధ్యలో 1929 ఉంది. ఆ ఏడాది ఫిస్కె, సుబ్బారావు కండరంలోంచి ఇంకో పదార్థాన్ని తీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే తీశాడు. అది ఏటీపీ, ఇవాళ ఇంటర్ జువాలజీ చదివే ప్రతి పిల్లకూ తెలిసిన పేరు. రోజువారీ భాషలో చెప్పాలంటే ఏటీపీ చేతి పర్సులోని చిల్లర. కండరం ఏ పని చేసినా అందులోంచే తీసి ఇవ్వాలి, గట్టిగా పరిగెత్తితే రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ పోపులపెట్టెలో అమ్మ దాచిన డబ్బు. పర్సు ఖాళీ కాగానే అందులోంచి తీసి సర్దుతుంది, ఓ పది క్షణాల దాకా. గ్లైకోజెన్ బ్యాంకులో వేసిన డిపాజిట్. ఉంటుంది గానీ ఫారం నింపి, లైన్లో నిలబడి తెచ్చుకోవాలి. వంద మీటర్ల పరుగులో పోపులపెట్టె డబ్బు వాటా పెద్దదే.

ఇక అదృష్టం సంగతి. ఈ మాటను విడదీస్తే అ-దృష్టం, కనబడనిది. కంటికి ఆనని కారణంతో ఒకటి జరిగితే దాన్ని అలా పిలుచుకున్నారు పెద్దవాళ్లు. ఆ నాళికలో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. అందరి ముందూ ఉండి కనబడనిది ఇద్దరికి కనబడింది.

మా అమ్మమ్మ సంక్రాంతి ముందు అరిసెల పాకం పట్టేటప్పుడు పక్కన పళ్లెంలో నీళ్లు పెట్టుకునేది. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్లతో కూడదీస్తే మెత్తని ఉండ కట్టాలి. ముందే దింపేస్తే అరిసెలు నూనెలో విడిపోతాయి, ఆలస్యమైతే రాళ్లవుతాయి. నీళ్ల పళ్లెం మాబోటి వాళ్లకు చూపించడానికే, ఆవిడకు బుడగల చప్పుడు చాలు. ఒకసారి పళ్లెం దగ్గరికి వెళ్లకుండానే ‘ఈపాటికి పాకం రావాలే, ఈ బెల్లం తేడాగా ఉందర్రా’ అంది. పొయ్యి చుట్టూ ఆరుగురం ఉన్నాం. అందరం అదే గిన్నెలోకి చూస్తున్నాం. తేడా ఆవిడకు మాత్రమే తెలిసింది. మాకు ఎప్పుడు రావాలో తెలిస్తేగా, రాలేదని తెలియడానికి!

దీని మీద శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేశారు. పాకం మీద కాదు, చదరంగం మీద. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు అమెరికన్లు నిజమైన ఆటలోంచి తీసుకున్న బల్లను ఐదు క్షణాలు చూపించి మూసేశారు. మళ్లీ పేర్చమంటే ఆరితేరిన ఆటగాడు పదహారు దాకా పావులు సరైన గడుల్లో పెట్టాడు, కొత్తగా నేర్చుకున్నవాడు నాలుగు. జ్ఞాపకశక్తి గొప్పదనుకుంటాం. కానీ పావులను ఎలా పడితే అలా చెల్లాచెదురుగా పేర్చి చూపించేసరికి ఇద్దరూ మూడు నాలుగు దగ్గరే ఆగిపోయారు. ఆరితేరినవాడి బుర్ర పెద్దదేమీ కాదు. ఏళ్ల తరబడి బల్ల ముందు కూర్చున్నందువల్ల ఏ పావు పక్కన ఏది ఉండాలో అతని కంటికి తెలుసు. ఉండవలసింది లేకపోతే ఆ ఖాళీ కూడా అతనికే కనబడుతుంది.

అయితే ఎంత కూర్చుంటే అంత గొప్పవాళ్లమైపోతామా? పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా మహానుభావులవుతారన్న మాట ఈమధ్య వ్యక్తిత్వ వికాస తరగతుల్లో వడపప్పులా పంచుతున్నారు. దాని మూలం ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో అచ్చేసిన పరిశోధన. బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల్లో మేటివాళ్లు ఇరవై ఏళ్లు నిండేసరికి సగటున పదివేల గంటలు ఒంటరిగా సాధన చేసి ఉన్నారు. సగటు అంటే కొందరు అంతకంటే బాగా తక్కువ చేసినవాళ్లున్నట్టే. పదివేలన్నది గుమ్మం కాదని ఎరిక్సనే తర్వాత మొత్తుకున్నాడు. 2014లో బ్రూక్ మెక్‌నమారా, ఆమె సహచరులు ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి లెక్క కట్టారు. మనిషికీ మనిషికీ మధ్య ప్రతిభలో ఉన్న తేడాలో సాధన వల్ల వచ్చింది చదరంగంలాంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18, చదువులో 4. మిగతాది ఏ వయసులో మొదలుపెట్టారు, పుట్టుకతో ఏం వచ్చింది, ఇంట్లో ఏముంది, ఎవరు నేర్పారు లాంటివాటి వాటా. అదృష్టమని మనం పిలిచేది కూడా అందులోనే ఎక్కడో ఉంటుంది.

కాబట్టి కష్టపడితే చాలని చెప్పే ధైర్యం నాకు లేదు. సుబ్బారావుకు డబ్బిచ్చే మామగారు లేకపోతే ఓడ ఎక్కేవాడు కాదు. అన్నదమ్ములతోపాటు పోకుండా బతకడం కూడా ఆయన చేతిలోది కాదు. ఆ మాటకొస్తే హార్వర్డ్‌లో అంత పని చేసినా ఆయనకు అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు, దాన్ని ఏ సాధన లోపంతో ముడిపెడతాం? కానీ ఎరిక్సన్ మాటల్లో గంటల లెక్క పక్కన పెడితే ఒక గట్టి ముక్క మిగులుతుంది. సాధన ఫలించాలంటే చేసిన తప్పు వెంటనే కనబడాలి. వయొలిన్ మీద అపస్వరం అప్పటికప్పుడే వినబడుతుంది. కలరిమీటరులో రెండు సగాలూ కలవకపోతే మధ్య గీత మాయం కాదు. పక్కవాడి రికార్డులోంచి రీడింగు ఎక్కించుకునే నాబోటివాడు పదివేల గంటలు ల్యాబులో ఉన్నా అతని కన్ను తేరదు.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ 1927లోనే లండన్‌లో ఫిలిప్ ఎగుల్టన్, గ్రేస్ ఎగుల్టన్ అనే దంపతులు కప్ప కండరంలో ఇదే పదార్థం జాడ పట్టి, దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అందులో క్రియాటిన్ ఉందని తేల్చింది హార్వర్డ్ జంట. రెండేళ్లకు ఏటీపీ విషయంలోనూ అంతే, ఒకే ఏడాది రెండు దేశాల్లో. లాటరీ తగిలితే ఒకరికే తగులుతుంది. సముద్రానికి అటూ ఇటూ ఒకేసారి తగిలిందంటే, రెండుచోట్లా భాస్వరాన్ని సరిగ్గా కొలవడం చేతనైనవాళ్లు అప్పటికి తయారై ఉన్నారన్నమాట.

సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన బృందం పట్టుకున్నది ఫోలిక్ ఆమ్లాన్ని. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ 1931లోనే ఈస్ట్ సారంలో ఏదో రక్తం పట్టించే పదార్థం ఉందని చెప్పింది. 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని పిసరంత తీసి, ఆకు అన్న అర్థమొచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ అని పేరు పెట్టారు. ఆకుకూరలు నూరి రోగులకు సరిపడా తీయడం అయ్యే పని కాదు. అణువు కట్టడం తెలుసుకుని ల్యాబులో తయారు చేయాలి. 1946లో ఆ కట్టడాన్నీ తయారీనీ వివరించిన లెడర్లీ పత్రం మీద పదహారు పేర్లున్నాయి. సుబ్బారావుది ఏడో పేరు. స్ప్రూ రోగులకు అది ఇస్తే రక్తం పట్టింది. ముప్పై ఏళ్ల కిందట అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు.

తర్వాత అదే అణువులో ఒకచోట చిన్న మార్పు చేస్తే ఎమినోప్టెరిన్ వచ్చింది. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమనుకుని పుచ్చుకుంటుంది, పుచ్చుకున్నాక విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సరుతో ఉన్న పదహారు మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయాడు. యాభై మూడేళ్లు. ఇండియా వదిలాక మళ్లీ రాలేదు.

ఫోలిక్ ఆమ్లం వచ్చింది. మన ప్రభుత్వ బడుల్లో పదేళ్లు దాటిన పిల్లలకు వారానికొకటి చొప్పున ఇచ్చే ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కడుపులో వికారంగా ఉంటుందని ఆడపిల్లలు అరచేతిలో దాచేసి కిటికీలోంచి విసిరేస్తారు. అందుకే మధ్యాహ్న భోజనం అయ్యాక టీచరు వరసలో నిలబెట్టి, గ్లాసుతో నీళ్లిచ్చి, మింగాక నోరు తెరిచి చూపించమంటుంది. చూపిస్తారు. మాత్ర పైపూత కరిగి నాలుక మీద కాస్త నీలం అంటుకుని ఉంటుంది.